సూది పడని ఇల్లు

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు బస్సులో పోయేటప్పుడు నా ఒళ్లో ఎప్పుడూ ఒక చిన్న పెట్టె ఉంటుంది. పక్కన కూర్చునేవాళ్లు దాన్ని టిఫిన్ డబ్బా అనుకుంటారు. ఒకసారి ఒకావిడ, చారు ఒలికితే తన చీర పాడవుతుందని, పెట్టె కింద పెట్టమని నాతో తగాదాకే దిగింది. అందులో ఉండేది చారు కాదు, మానిటర్. మనిషి వేలికి క్లిప్పు తగిలించి, జబ్బకు పట్టీ చుడితే నాడి ఎంత కొట్టుకుంటోందో, బీపీ ఎంత ఉందో అంకెల్లో చూపిస్తుంది. నేను పళ్ల డాక్టర్ని. ఆదోనిలో సొంత క్లినిక్కు ఉంది. బుధవారాలు మాత్రం ఎమ్మిగనూరులో ఒక మందుల షాపు మీద అద్దె గదిలో కూర్చుంటాను.

పన్ను పీకడానికి మానిటర్ ఎందుకని తోటి డాక్టర్లు నవ్వుతారు. నవ్వనీ. మా వైపు జనం సంగతి నాకు తెలుసు. తిన్నారా అంటే తిన్నామంటారు. బీపీ మాత్ర వేసుకున్నారా అంటే వేసుకున్నామంటారు. ఏ జవాబు చెబితే డాక్టరు తిట్టకుండా ఉంటుందో ఆ జవాబే చెబుతారు. నేను తిడతానని ఊళ్లో పేరు ఉంది, అది ఊరికే వచ్చిన పేరేమీ కాదు. అందుకే నోటి మాట విన్నాక వేలి క్లిప్పును కూడా అడుగుతాను.

చిగురుకు వేసే మత్తు మందులో అడ్రినలిన్ రవంత కలిపి ఉంటుంది. అది అక్కడి రక్తనాళాలను బిగిస్తుంది కాబట్టి రక్తం తక్కువ కారుతుంది, మత్తు ఎక్కువసేపు నిలుస్తుంది. మందు లోపలికి పోయిన కాసేపటికి గుండె కొంచెం వేగం అందుకుంటుంది. డెబ్బై ఎనిమిది ఉన్న నాడి తొంభైకి పోతుంది, బీపీ ఒక పిసరు పెరుగుతుంది, మళ్లీ రెండూ దిగుతాయి. గుండె జబ్బు ఉన్నవాళ్లకు, బీపీ అదుపులో లేనివాళ్లకు జాగ్రత్త పడాలి, మందు తగ్గించాలి. మిగతావాళ్లకు మా మెట్లు ఎక్కి వచ్చినప్పుడు పెరిగే నాడి అంతకంటే ఎక్కువే ఉంటుంది. అసలు పెంచేది మందు కాదు, భయం. సూది మూత తీసిన చప్పుడుకే ముప్పై అంకెలు పైకి ఎగబాకిన నాడులను చూశాను. ఈ మాట ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. నమ్మినవాళ్లు తక్కువ.

ఒక ఏడాది దసరాకు కొద్ది రోజుల ముందు, దేవరగట్టు పక్క ఊరి రైతు ఒకాయన ఆదోని క్లినిక్కుకు వచ్చాడు. పెద్దాయన. పొడుగు మనిషి, తెల్లటి మీసం, నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట లోపలికి గుంట పడిన పాత గాటు. కింది దవడ పన్ను వేరు దాకా కుళ్లి, చెంప వాచి ఉంది. ఆటో నిండా ఊరివాళ్లను వెంటబెట్టుకొని వచ్చాడు. వాళ్లంతా బయట బల్లల మీద సర్దుకున్నారు.

ఆ గాటు ఎక్కడిదని నేను అడగలేదు. ఆయనే చెప్పాడు. మా దగ్గర ఆ గాటు ఉన్నవాళ్లు అడిగేదాకా ఆగరు.

“గట్టు మీద తగిలింది మేడమ్. ఉత్సవంలో కట్టె దెబ్బ. బండారు అద్దుకొని ఇంటికి నడిసిపోయినా. ఒక కుట్టు ల్యా, ఒక సూది ల్యా.”

దసరా రాత్రి దేవరగట్టు మీద ఊళ్లవాళ్లు దేవుడి కోసం కర్రలతో కొట్టుకునే ఉత్సవం జరుగుతుంది. బండారు అంటే గుడి పసుపు. దెబ్బ తగిలినవాళ్లు దాన్నే గాయంలో అద్దుకుంటారు. ఆ మాట చెప్పేటప్పుడు వాచిన చెంపతోనే ఆయన నవ్విన తీరు చూస్తే, ఆ గాటును ఇంట్లో పటం కట్టించి పెట్టుకోలేక నుదుటి మీద పెట్టుకున్నాడనిపించింది.

“పండగ లోపల పీకెయ్ మేడమ్. ఈ మొగమేసుకొని గట్టు ఎక్కల్యాను,” అన్నాడు.

“పొద్దున తిన్నావా అప్పా?”

“రొట్టె తినే వచ్చినా.”

క్లిప్పు తగిలించాను. నాడి ఎనభై రెండు. బీపీ కూడా ఆ వయసుకు పరవాలేదు. సూది వేశాను. మొదట ఏమీ లేదు. కాసేపటికి ఆయన ఆవలించాడు. సూది వేసిన తర్వాత వచ్చే ఆవలింతను నేను నమ్మను. అది నిద్ర కాదు, మెదడుకు రక్తం చాలడం లేదని ఒళ్లు చెప్పే కబురు. మానిటర్ వైపు చూశాను. డెబ్బై. నుదురంతా చెమట. యాభై ఎనిమిది.

నా దగ్గర పనిచేసే అమ్మాయి, “మేడమ్, ఆయన మొగం సూడండి, సున్నం కొట్టినట్ల అయిపోతాంది,” అంటూనే ఉంది, నలభై ఆరుకు పడిపోయింది. పెద్దాయన కళ్లు తేలేశాడు.

కుర్చీని వెనక్కి పూర్తిగా పడుకోబెట్టి, ఆయన కాళ్లు రెండూ పైకెత్తి పట్టుకున్నాను. అప్పుడు కనిపించాయి అరికాళ్లు. మా క్లినిక్కులో అందరూ చెప్పులు బయటే విడుస్తారు కాబట్టి అంతదాకా నేను గమనించలేదు. పగుళ్లలో నల్లరేగడి మన్ను ఎండిపోయి ఉంది, మడమలో విరిగిన ముల్లు కొన. చాలా రోజులుగా చెప్పులు తొడగని పాదాలు అవి. నాకు అర్థమైంది. ఆ ఊళ్లలో దసరాకు ముందు నియమం పడతారు. చెప్పులు వేసుకోరు, మాంసం, మందు ముట్టరు, నేల మీదే పడుకుంటారు. కొందరు ఒక్కపొద్దు ఉంటారు, రోజుకు ఒక్క పూటే తింటారు.

ఒళ్లంతా తడిమి చూశాను. దద్దుర్లు లేవు. పెదవులు వాయలేదు. ఊపిరిలో పిల్లికూతలు లేవు. మత్తు మందు నిజంగా పడని మనిషికి ఇవన్నీ వస్తాయి, నాడి పరుగెత్తుతుంది. ఈయన నాడి పరుగెత్తలేదు, చతికిలబడింది. ఖాళీ కడుపు, దాని మీద భయం. అంతే. కాళ్లు పైకెత్తిన కాసేపటికి యాభై ఐదు, అరవై రెండు, డెబ్బై. కళ్లు తెరిచాడు.

“పడిపోయినానా?” అన్నాడు. వెంటనే, “బయటోళ్లు సూసినారా?” అన్నాడు.

చక్కెర నీళ్లు ఇస్తే తల అడ్డంగా ఊపాడు. పొద్దు తిరిగేదాకా ఏమీ ముట్టకూడదట. నిన్న మధ్యాహ్నం తిన్నదే తిండి. పైగా, “ఆపరేషన్ అంటే కడుపు ఖాళీగా ఉండాల గదా మేడమ్,” అని నాకే నేర్పించాడు. పెద్ద ఆసుపత్రుల్లో పూర్తి మత్తు ఇచ్చి చేసే ఆపరేషన్లకు చెప్పిన మాటను మావాళ్లు పన్నుకూ, పుండుకూ, అన్నిటికీ పట్టుకొని కూర్చున్నారు. చిగురుకు సూది వేయించుకునేవాళ్లు తినే రావాలని నేను గొంతు చించుకుంటాను. ఎవరూ చెవిన పెట్టరు. తినలేదంటే వెనక్కి పంపుతానని భయపడి, ఈయన తిన్నానని అబద్ధం చెప్పాడు.

“దేవుడు నిన్ను గట్టు ఎక్కమన్నాడు గానీ నా కుర్చీలో చావమనలేదు. తాగు,” అన్నాను. తాగాడు.

తాగి, గ్లాసు నా చేతికిస్తూ నా మణికట్టు పట్టుకున్నాడు. “నీకు దండం పెడతా తల్లీ. ఈ సంగతి ఎవురికీ సెప్పద్దు. కట్టెలకు బెదరనోడు సూదికి పడిపోయినాడంటే ఊళ్లో నా మీసం ఉంటాదా?”

“ఇది నాడి చేసే పని అప్పా. దీనికీ మీసానికీ సంబంధం లేదు. ఎవరికైనా అవుతుంది. నేను ఎవరి సంగతీ ఎవరికీ చెప్పను, అది మా వృత్తిలోనే లేదు. పండగ అయినాక కడుపు నిండా తిని రా, పీకుతా.”

తల ఊపి లేచి బయటికి పోయాడు. నేను చేతులు కడుక్కుంటుంటే ఆయన గొంతు వినిపించింది.

“నాకు మత్తు సూది పడల్యాంట. పానం పోయి వచ్చినాది.”

“అట్లనా! కొందరికి పడదప్పా,” అని ఎవరో అన్నారు. ఇంకెవరో తన తోడల్లుడికి కూడా అంతేనన్నారు. నాకు ఒళ్లు మండింది. తడి చేతులతోనే వాకిట్లోకి వచ్చాను. ఊరివాళ్ల తలల మీదుగా ఆయన నా వైపు చూశాడు. ఆ చూపులో మీసమూ లేదు, గట్టూ లేదు. నేను నోరు మూసుకొని లోపలికి వచ్చాను. నేను రాసిచ్చిన మందులకు వాపు తగ్గిందేమో, పండగ తర్వాత ఆయన రాలేదు.

ఒక మనిషి పరువు నిలబెట్టుకోవడానికి ఒక చిన్న మాట. ఎవరికి నష్టం అనుకొని మరిచిపోయాను.

రెండేళ్లు గడిచాయి. ఒక ఎండాకాలం బుధవారం ఎమ్మిగనూరు గదికి ఒకామె వచ్చింది. ముప్పై లోపలి వయసు. మొగుడు మగ్గం నేస్తాడు, ఆమె కండెలు చుడుతుంది. వేళ్ల మీద నూలు గీసిన సన్నటి గీతలు ఉన్నాయి. కింది దవడ ఒక పక్క ఉబ్బి ఉంది, నొప్పి పెద్దగా లేదు. ఎక్స్‌రే తీయిస్తే జ్ఞానదంతం చుట్టూ కోడిగుడ్డంత నీటితిత్తి. దాని కింద దవడ ఎముక గుడ్డు పెంకులా పలచబడి ఉంది. గట్టి రొట్టె నమిలినా విరిగేలా ఉంది.

“దీన్ని కోసి తీయాలమ్మా. ఆలస్యం చేయకూడదు. చిగురుకు మత్తు సూది వేసి చేస్తాను,” అన్నాను.

“మాకు సూది పడదు మేడమ్.”

“మాకంటే?”

“మా ఇంటోళ్లకు. మా నాయనకు ఏస్తే పానం పోయి వచ్చినాది. మా తమ్ముని కాలు తెగితే వాడికి గూడా మత్తు లేకుండానే కుట్టించినారు.”

“మీ నాయనకు ఎక్కడ వేశారు?”

“ఆదోనిలో ఎవురో శానా కోపమామెంట. ఆమె కాడ.”

ఏ ఊరని అడిగాను. దేవరగట్టు పక్క ఊరు చెప్పింది. నుదుటి గాటు, తెల్ల మీసం నా కళ్ల ముందుకు వచ్చాయి. ఆ కోపమామె ఎదురుగానే కూర్చుని ఉందని ఆమెకు తెలియదు.

పూర్తి మత్తు ఇచ్చి చేయాలంటే కర్నూలు పోవాలి, అక్కడ కూడా మొదట అడిగేది నీకు ఏ మందు పడదు అనే, అని చెప్పాను. ఆమె కాసేపు కొంగు అంచు మెలి తిప్పుతూ కూర్చుంది. తర్వాత, “సూది లేకుండానే కొయ్ మేడమ్. నేను ఓర్సుకుంటా. నాకు అలవాటే,” అంది.

“ఏం అలవాటు?”

గొంతు తగ్గించి చెప్పింది. రెండో కాన్పు ఎమ్మిగనూరులోనే అయింది. కింద చిరిగితే కుట్లు వేయాల్సి వచ్చింది. మత్తు సూది వేస్తామన్నారు. ఈమె వాళ్ల చేతులు పట్టుకొని, మా ఇంట్లో ఎవరికీ పడదు, చచ్చిపోతాను, నా పిల్లలు దిక్కులేనివాళ్లవుతారని ఏడ్చింది. బలవంతం చేయలేక వాళ్లు అలాగే కుట్టారు.

“ఇద్దరు కాళ్లు పట్టుకున్నారు. కొంగు నోట్లో కుక్కుకున్నా. అంతే, అయిపోయింది,” అంది.

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఆయన మీసానికి ఈమె కట్టిన వెల అది. చేతిలో ఉన్న అద్దం పుల్లను పళ్లెంలో గట్టిగా పడేశాను. ఆమె ఉలిక్కిపడింది.

“మీ నాయనతో మాట్లాడతాను, పిలిపించు,” అన్నాను.

“పిలిపిస్తా. కానీ కాన్పు సంగతి నాయనకు తెలీదు. ఆడోళ్ల సంగతి, ఎట్ల సెప్తాం? నువ్వు గూడా సెప్పద్దు మేడమ్.”

చెప్పనన్నాను. అలా తండ్రి రహస్యం కూతురికి చెప్పకూడదు, కూతురి రహస్యం తండ్రికి చెప్పకూడదు. రెండూ నా నోట్లోనే ఉన్నాయి. నోళ్లు తెరిపించడం నా పని గానీ, ఇలా మూసుకొని కూర్చోవడం నా వల్ల అయ్యే పని కాదు.

ఆమె పోయే ముందు ఒక ప్రయత్నం చేశాను. క్లిప్పు తగిలించి, “ఏమీ చేయను, ఊరికే చూద్దాం,” అన్నాను. ఎనభై నాలుగు. సూది మూత తీసి ఆమెకు కనిపించేలా పట్టుకున్నాను. తొంభై ఏడు, నూట పది, నూట ఇరవై ఒకటి. ఆమె కూడా తెర వైపే చూస్తోంది.

“సూడు మేడమ్, సూడు! పడల్యా!” అంది.

“ఇంకా వేయలేదు తల్లీ. సూది నా చేతిలోనే ఉంది.”

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. తెర మీద అంకె ఆమెకు సాక్ష్యం. అది మందు మీద చెప్పిన సాక్ష్యం కాదు, భయం మీద చెప్పిందని నేనెంత చెప్పినా ఆమె తలకెక్కలేదు. తండ్రి చచ్చి బతికాడని ఇంటిల్లిపాదీ నమ్మినప్పుడు నా మాట ఎందుకు ఎక్కుతుంది?

మరుసటి బుధవారం పెద్దాయన వచ్చాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు ముందు వినిపించింది. లోపలికి వచ్చి నన్ను చూడగానే గుమ్మంలోనే నిలబడిపోయాడు. కూతురిని బయట బల్ల మీద కూర్చోమని తలుపు వేశాను.

“నన్ను గుర్తుపట్టినావా అప్పా?”

“ఎట్ల మర్సిపోతాను మేడమ్,” అని నేల చూశాడు.

ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి చూపించాను. ఎముక ఎంత పలచబడిందో వేలితో గీసి చూపించాను. “దీన్ని కోయాలి. సూది లేకుండా నేను కోయను. నీ కూతురేమో సూది వేయనివ్వదు. ఎందుకు వేయనివ్వదో నీకు తెలుసు, నాకు తెలుసు. ఆమెకు తెలియదు.”

చాలాసేపు ఎక్స్‌రేనే చూశాడు. “నిజంగా విరుగుతాదా?”

“విరుగుతుంది.”

“అయితే ఒక పని సెయ్ మేడమ్. ఇప్పుడు కొత్త మందు వచ్చింది, అది అందరికీ పడతాదని సెప్పు. నేను గూడా సెప్తా. దానికి నమ్మకం కుదురుతాది.”

నిజం చెప్పాలంటే ఒక్క క్షణం ఆశపడ్డాను. ఎంత సులువు! ఆయన పరువు ఆయనకుంటుంది, ఆమె దవడ ఆమెకు దక్కుతుంది, నాకు తలనొప్పి వదులుతుంది. మరుక్షణం కొంగు నోట్లో కుక్కుకున్న ఆ కండెలు చుట్టే వేళ్లు గుర్తొచ్చాయి.

“ఆ అబద్ధం ఈ పన్ను దాకా సరిపోతుంది. రేపు ఇంకోచోట ఇంకో డాక్టరు పాత మందే తీస్తాడు. నీ కొడుకు కాలు ఇప్పటికే మత్తు లేకుండా కుట్టించారంట. ఇంకా ఎవరెవరికి ఏమేం...” ఆ మాట నాలుక చివరికొచ్చింది. పళ్లు బిగబట్టి ఆపుకున్నాను. “నేను ఆ అబద్ధం చెప్పను అప్పా. నిజం నువ్వే చెప్పు. లేకపోతే వేరే డాక్టరును చూసుకోండి.”

కటువుగానే అన్నాను. ఆయన మీసం మీద చెయ్యి పోయింది, మళ్లీ కిందికి జారింది. గది బయట కూతురు ఎవరితోనో పిల్లల బడి గురించి మాట్లాడుతోంది. ఆ గొంతు ఇద్దరమూ విన్నాం.

“ఆ పన్ను నాకింకా అట్లనే ఉంది,” అన్నాడు చివరికి. “నా బిడ్డను లోపలికి పిలు. ముందర నాకు ఎయ్. దాన్ని సూడనీ.”

“తిన్నావా?”

“రెండు జొన్నరొట్టెలు, పప్పు. ఈ తూరి నిజం మేడమ్.”

కూతురు లోపలికి వచ్చి గోడకు ఆనుకొని నిలబడింది. విషయం తెలిసి, “వద్దు నాయనా, నీకేమన్నా అయితే,” అని మొదలుపెట్టింది. ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు. గాలి ఆడక తలుపు తీసి ఉంచాను. తెరను ఇద్దరికీ కనిపించేలా తిప్పాను. ఎనభై ఎనిమిది. సూది మూత తీశాను. నూట పన్నెండు. కూతురు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సూది లోపలికి పోనిచ్చి, మందును తొందరపడకుండా నెమ్మదిగా వదిలాను. నూట పద్దెనిమిది. పెద్దాయన కళ్లు మూయలేదు, కూతురినే చూస్తూ ఉన్నాడు. నాకూ గుండె దడగానే ఉంది. ఈసారి పడిపోతే ఇక ఈ ఇంట్లో ఎవరూ జన్మలో సూది దగ్గరికి రారు.

ఆవలింత రాలేదు. నూట పది. నూట నాలుగు. తొంభై ఆరు. అక్కడ నిలబడింది. ముఖంలో రంగు పోలేదు.

కూతురు తెరను చూసింది, తండ్రిని చూసింది. “నాయనా, ఆపొద్దు పడల్యా అంటివి గదా? ఈపొద్దు ఎట్ల పడింది?”

ఆయన నా వైపు చూశాడు. నేను పళ్లెంలో పనిముట్లు సర్దుకుంటూ ఉండిపోయాను. కొత్త మందు అనే మాట ఇప్పటికీ అందుబాటులోనే ఉంది. ఆయన నోరు విప్పాడు. అప్పటికే సగం పెదవి, సగం నాలుక తిమ్మిరెక్కి ఉన్నాయి. చొంగ కారింది, మాట ముద్దముద్దగా వచ్చింది.

“ఏమంటాండావు నాయనా? తెలీడంల్యా.”

పెదవి మాట వినకపోతే మనిషి గొంతు పెంచుతాడు. ఆయనా పెంచాడు. “భయపడి పడిపోయినా అంటాండా! ఒక్కపొద్దు ఉండి, తినకుండా వచ్చి, తిన్నానని అబద్ధం సెప్పినా! సూదిని సూసి భయపడి పడిపోయినా! సూది నాకు పడతాది. మన ఇంట్లో అందరికీ పడతాది!”

బయట బల్ల మీద మాటలు ఆగిపోయాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దాయన చెవులు ఎర్రబడ్డాయి. చొంగ తుడుచుకొని, నోరు వెడల్పుగా తెరిచి, “పీకు,” అన్నట్టు నాకు సైగ చేశాడు. పీకాను. పన్ను పళ్లెంలో పడిన చప్పుడు అయ్యేదాకా ఊడిందని ఆయనకే తెలియలేదు. కూతురు ఆ పన్నును వంగి చూసింది. “నాకెప్పుడు సేస్తావు మేడమ్?” అంది.

శుక్రవారం ఆదోనికి రమ్మన్నాను. అక్కడైతే నాకు అన్నీ అందుబాటులో ఉంటాయి. తినే వచ్చింది. తండ్రి కూడా వచ్చి, లోపల కూర్చుంటానని పట్టుబట్టాడు. టోపీ, మాస్కు వేయించి, ఆమె కాళ్ల దగ్గర స్టూలు ఇచ్చాను. మీసం మాస్కులో పట్టక రెండు పక్కలా బయటికి వచ్చింది. నా దగ్గర పనిచేసే అమ్మాయి నవ్వు ఆపుకోలేక పక్కగదిలోకి పోయింది.

క్లిప్పు తగిలిస్తే నూట ఇరవై ఎనిమిది. సూది పోయేటప్పుడు నూట ముప్పై రెండు. పెద్దాయన కూతురి పాదం మీద చెయ్యి వేశాడు. నూట పదహారు, నూట మూడు. పెదవి మొద్దుబారింది అంది. గిల్లి చూపిస్తే ఆశ్చర్యపోయింది. పని మొదలుపెట్టాను. చిగురు కోశాను, ఎముక తొలిచాను, తిత్తిని చిరగకుండా చుట్టూ విడదీసి పన్నుతో సహా బయటికి తీశాను. ఆ సమయమంతా ఆమె నాడి తొంభై దగ్గరే ఉంది, బీపీ నిలకడగా ఉంది. నొప్పి లేదని ఒంటికి ఒకసారి నమ్మకం కుదిరితే అది తన పని తాను చేసుకుంటుంది. ఇది నేను ఎన్నోసార్లు చూశాను, ఆ రోజు చూసినంత సంతోషంగా మాత్రం ఎప్పుడూ చూడలేదు.

కుట్లు మొదలుపెట్టాక అంకె కదిలింది. తొంభై ఎనిమిది. నూట ఏడు. నూట పదిహేను. మత్తు దిగిపోతోందేమో అనుకున్నాను. “నొప్పా?” అని అడిగాను. కాదని తల కదిపింది. ఇంకొంచెం మందు వేయనా అంటే వద్దని చెయ్యి ఊపింది. కంటి కొసల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. తొందరగా ముగించాను. నోట్లోంచి పనిముట్లు తీశాను.

“కుట్లు అయిపోయినాయా?” అంది మొద్దుబారిన నాలుకతో.

“అయిపోయినాయి.”

“నాకేమీ తెలీల్యా మేడమ్.” తల కొంచెం ఎత్తి కాళ్ల వైపు చూసింది. “నాయనా, సూది ఏసుకోనుంటే సిన్నోని కాన్పప్పుడు గూడా కుట్లు ఇట్లే ఉండునా? ఏమీ తెలీకుండా?”

“ఏం కుట్లమ్మా?” అన్నాడు ఆయన.

“కాన్పుకు ఏసిన కుట్లు. మనకు సూది పడదని వద్దన్నా. ఊరికే కుట్టినారు.”

గొంతులో నిష్ఠూరం లేదు. తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. అందుకే నేను తల పక్కకు తిప్పుకోవాల్సి వచ్చింది. తల మళ్లీ వెనక్కి ఆనించి కళ్లు మూసుకుంది. నాడి మెల్లగా తొంభైకి దిగింది. పెద్దాయన కూతురి పాదాన్ని రెండు చేతులా పట్టుకొని, దాని మీద తల ఆనించి కూర్చున్నాడు. ఆయన వేలికి క్లిప్పు లేదు.